డీజిలు మండితే శక్తి ఎలా వస్తుంది?

సాయంకాలం పాల సేకరణ ముగిసే వేళకు కరెంటు పోతే సంఘ కార్యదర్శి చూపు ముందుగా జనరేటరు గది మీదికి పోతుంది. పొదుగు నుండి వచ్చిన పాలు సుమారు 37 డిగ్రీల వెచ్చదనంతో ఉంటాయి. ఆ వెచ్చదనంలో సూక్ష్మక్రిములు అరగంటకొకమారు రెట్టింపు కాగలవు. కాబట్టి పాలను వెంటనే 4 డిగ్రీలకు చల్లార్చాలి. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో గాలివానకు తీగలు తెగిన రోజున ఆ పనికి ఆధారం డీజిలు ఇంజనే. పాలను మేడ్చల్ వైపు జాతీయ రహదారి మీదుగా, శామీర్‌పేట వైపు రాజీవ్ రహదారి మీదుగా నగరానికి చేర్చే డీజిలు వ్యాను నడిచేదీ ఈ సూత్రం మీదనే.

డీజిలు ఎలా మండుతుందో తెలిస్తే ఎక్కడ వృథా అవుతుందో కూడా తెలుస్తుంది. వృథా అయిన ప్రతి లీటరు సంవత్సరాంతాన సభ్యుల బోనసులో తగ్గేదే. కనుక ఈ విషయం మెకానిక్కు ఒక్కడికే తెలిస్తే చాలదు.

మంట లోపలే

కట్టెల పొయ్యి మీద ఎసరు పెడితే మంట గిన్నె వెలుపల ఉంటుంది. పాతకాలపు ఆవిరి రైలింజనులోనూ అంతే. మంట ఒకచోట, పని చేసే ఆవిరి మరొకచోట. మన ఇంజనులో మంట సిలిండరు లోపలే పుడుతుంది. అందుకే దీనిని అంతర్దహన యంత్రం అంటారు. మండినప్పుడు పుట్టిన వేడి వాయువులు వ్యాకోచించి పిస్టనును తోస్తాయి. కుట్టుమిషను తొక్కుడు పలకను పాదంతో ఆడిస్తే చక్రం తిరిగినట్లే, పిస్టను కదలికకు క్రాంకు షాఫ్టు తిరుగుతుంది.

నాలుగు స్ట్రోకులు

జర్మనీ దేశస్థుడు నికొలస్ ఆటో 1876లో నాలుగు స్ట్రోకుల ఇంజనును తయారు చేశాడు. ఆ దేశంలోనే పనిచేసిన రుడాల్ఫ్ డీజిల్ తన పేరు మీద నిలిచిన ఇంజనును 1897లో విజయవంతంగా నడిపి చూపాడు. డీజిలు ఇంజనులో నాలుగు స్ట్రోకులు ఇలా జరుగుతాయి.

1. పీల్చుట: పిస్టను కిందికి దిగుతుంది. తెరుచుకున్న వాల్వు గుండా ఒట్టి గాలి మాత్రమే లోపలికి వస్తుంది.

2. అదుముట: వాల్వులు మూసుకుంటాయి. పిస్టను పైకి వచ్చి, గాలిని సుమారు 16 నుండి 20 వంతులలో ఒక వంతు చోటికి అదుముతుంది. సైకిలు పంపు కొట్టినప్పుడు దాని అడుగు వేడెక్కడం మనకు తెలిసినదే. ఇక్కడ ఆ వేడి 500 డిగ్రీలు దాటుతుంది.

3. మండుట: ఆ వేడి గాలిలోకి ఇంజెక్టరు డీజిలును సన్నని తుంపరగా చిమ్ముతుంది. నిప్పురవ్వ అక్కరలేకుండానే అది అంటుకుని పిస్టనును కిందికి తోస్తుంది. శక్తినిచ్చే స్ట్రోకు ఇదొక్కటే.

4. వదలుట: పిస్టను మళ్ళీ పైకి వచ్చి పొగను బయటికి నెడుతుంది.

మిగిలిన మూడు స్ట్రోకులనూ ఫ్లైవీలు తన ఊపుతో నడిపిస్తుంది. నిమిషానికి 1500 చుట్లు తిరిగే జనరేటరులో ఒక్కొక్క సిలిండరులో నిమిషానికి 750 మార్లు మంట లేస్తుంది. పెట్రోలు ఇంజనులోనైతే స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వతో మంట అంటిస్తుంది.

గాలి కూడా మేతే

ఒక లీటరు డీజిలు పూర్తిగా మండడానికి సుమారు 12 కిలోల గాలి, అనగా దాదాపు 10,000 లీటర్ల గాలి కావాలి. గాలి చాలకపోతే డబ్బు పెట్టి కొన్న డీజిలు మసిగా మారి బయటికి పోతుంది.

తనిఖీకి వెళ్ళినప్పుడు ఒక సంఘంలో చప్పుడు వినబడకుండా జనరేటరు గది కిటికీకి గోనెసంచులు కట్టి ఉండగా చూశాను. ఎయిర్ ఫిల్టరు దాణా దుమ్ముతో పూడిపోయింది. పొగ గొట్టం నుండి నల్లని పొగ. ఫిల్టరు మార్పించి, సంచులు తీయించిన తరువాత పొగ పలచబడింది.

పొగ రంగు చూసి లోపం కొంతవరకు తెలుసుకోవచ్చును. నల్ల పొగ అంటే గాలి చాలడం లేదు, లేదా బరువు ఎక్కువైంది, లేదా ఇంజెక్టరు చెడింది. నీలి పొగ అంటే ఇంజను ఆయిలు మండుతున్నది. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్ల పొగ ఆగకపోతే డీజిలు మండకుండా పోతున్నది, లేదా నీరు చేరింది.

లెక్క చూసుకోండి

లీటరు డీజిలులో సుమారు 10 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి ఉన్నది. అందులో దాదాపు మూడవ వంతే పనికి వస్తుంది. మిగిలినది పొగతోను, ఇంజనును చల్లబరచే నీటితోను లేదా గాలితోను, రాపిడితోను పోతుంది. కాబట్టి మంచి స్థితిలో ఉండి తగిన లోడుతో నడిచే జనరేటరు లీటరుకు సుమారు 3 యూనిట్లు ఇస్తుంది.

1000 లీటర్ల పాలను 35 డిగ్రీల నుండి 4 డిగ్రీలకు చల్లార్చడానికి, శీతల యంత్రం బాగుంటే, సుమారు 12 నుండి 15 యూనిట్లు పడుతుంది. అనగా 4 నుండి 5 లీటర్ల డీజిలు. మీ పుస్తకంలో ఇదే పాలకు ఏడెనిమిది లీటర్లు కనబడితే కారణం వెతకాలి. పెద్ద జనరేటరును ఒక్క బల్బుకు, పాల పరీక్ష యంత్రానికి మాత్రమే నడపడం కూడా వృథాయే.

తప్పక పాటించవలసినవి

1. మూసిన గదిలో ఇంజను నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, కానీ ప్రాణం తీస్తుంది.

2. పొగ గొట్టాన్ని పాలు పోసే చోటికి దూరంగా, గది బయటికి పెట్టాలి. పాలు వాసనను త్వరగా పట్టుకుంటాయి.

3. ఎయిర్ ఫిల్టరును, ఆయిలును కంపెనీ పుస్తకంలో చెప్పిన గంటల ప్రకారం మార్చాలి.

4. నడిచిన గంటలు, పోసిన డీజిలు, చల్లార్చిన పాలు, ఈ మూడింటినీ ఒకే పుటలో ఏ రోజుకారోజు వ్రాయాలి.

ఈ పుటను పాలకవర్గ సమావేశంలో నెలకొకమారు చదివి వినిపించగలరు. సభ్యులు కూడా దానిని అడిగి చూడవచ్చును. ఇంజను సంఘానిది, సంఘం మీది.