వర్షపాత డేటాబేస్‌లో అనుబంధ సాఫ్ట్‌వేర్ స్థాపన: దోషాలు, నివారణ

అనంతపురం జిల్లాలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ వర్షమైనా ఇరుగుపొరుగు మండలాలలో ఒకే విధంగా కురవదు. వర్షాధార వేరుశనగ రైతుకు సలహా ఇవ్వాలంటే గ్రామానికి దగ్గరి వర్షమాపకం ఏదో, అక్కడ ఎన్నాళ్లుగా వాన లేదో తెలియాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్‌కు పోస్ట్‌జీఐఎస్ అనే అనుబంధ సాఫ్ట్‌వేర్‌ను చేర్చినప్పుడు ఈ దూరాలను డేటాబేస్ స్వయంగా గణిస్తుంది. వ్యవసాయ వాతావరణ సలహాలు మంగళ, శుక్రవారాలలో వెలువడాలి కనుక స్థాపన దోషాలను త్వరగా గుర్తించడం అవసరం. పరిశీలించవలసిన క్రమాన్ని ఈ దిగువ వివరించడమైనది.

1. స్థానం: అనుబంధ సాఫ్ట్‌వేర్‌ను డేటాబేస్ నడిచే సర్వర్‌లోనే స్థాపించాలి. తమ బల్లపై ఉన్న కంప్యూటర్‌లో స్థాపించినంత మాత్రాన "ఎక్స్‌టెన్షన్ లభ్యం కాలేదు" అన్న సందేశం తొలగిపోదు.

2. వెర్షన్: పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 15కు తయారైన పోస్ట్‌జీఐఎస్ 14వ వెర్షన్‌లో పనిచేయదు. సర్వర్ వెర్షన్‌ను ముందుగా నిర్ధారించుకోవాలి.

3. అధికారం: పోస్ట్‌జీఐఎస్‌కు 'క్రియేట్ ఎక్స్‌టెన్షన్' ఆదేశాన్ని సాధారణంగా సూపర్‌యూజర్ మాత్రమే ఇవ్వగలరు. ఒక డేటాబేస్‌లో ఇచ్చిన ఆదేశం మరొక డేటాబేస్‌కు వర్తించదు.

4. నెట్‌వర్క్: సర్వర్‌లో పనిచేసి ఇతర కంప్యూటర్లలో పనిచేయకపోతే లోపం అనుబంధంలో లేదని గ్రహించాలి. సర్వర్ బయటి కంప్యూటర్ల అభ్యర్థనలను స్వీకరించే అమరికలో ఉన్నదా, ఆ కంప్యూటర్ల చిరునామాలకు అనుమతి ఉన్నదా, ఫైర్‌వాల్‌లో 5432 పోర్ట్ తెరచి ఉన్నదా అని వరుసగా చూడాలి.

5. డ్రైవర్: ఎక్సెల్ ద్వారా సమాచారం తీసుకునేవారు తమ ఆఫీస్ 32 బిట్‌దైతే 32 బిట్, 64 బిట్‌దైతే 64 బిట్ ఓడీబీసీ డ్రైవర్‌ను వాడాలి. విండోస్ 64 బిట్‌దైనా ఈ నియమం మారదు.

ముఖ్య జాగ్రత్త: దోషం తొలగనప్పుడు కొందరు అనుబంధాన్ని పూర్తిగా తీసివేసి తిరిగి స్థాపించబూనుతారు. 'డ్రాప్ ఎక్స్‌టెన్షన్' ఆదేశానికి 'క్యాస్కేడ్' జోడిస్తే అనుబంధంతో పాటు వర్షమాపకాల స్థానాలను నిల్వచేసిన నిలువు వరుసలు కూడా తొలగిపోతాయి. వర్షపాత అంకెలు మిగిలినా అవి ఏ చోటివో తెలియదు. కావున ఏ మార్పుకైనా ముందు డేటాబేస్ నకలును వేరొక కంప్యూటర్‌లో భద్రపరచి, అది తిరిగి తెరుచుకుంటున్నదో లేదో పరీక్షించాలి.

స్థాపన తరువాత వెర్షన్, తేదీ, మార్చిన అమరికలను ఒక పుస్తకంలో నమోదు చేస్తే సిబ్బంది మారినా పని ఆగదు. సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ తెచ్చుకోవచ్చు గాని, ఏళ్ల తరబడి కూర్చిన వర్షపాత వివరాలను తిరిగి సంపాదించడం సాధ్యం కాదు.