ఆపడమూ ఒక విద్యే

సూళ్లూరుపేట నుండి తూర్పుగా, పులికాటు సరస్సు మీదుగా సాగే బాట శ్రీహరికోట చేరుతుంది. 1971 అక్టోబరు 9న అక్కడినుండి తొలి రోహిణి రాకెట్టు ఎగిరింది. నాటి నుండి యంత్రం నింగికి లేవడం ఆ ప్రాంతపు బాలబాలికలకు కన్నులపండుగ. కాని లేవనీయక ఆపడం కూడ ఇంజనీరు విద్యలో భాగమే.

2010లో రెండు పర్యాయాలు విఫలమైన జి.ఎస్.ఎల్.వి. వాహనం 2013 ఆగస్టు 19న తిరిగి సిద్ధమైంది. దేశమంతా ఎదురుచూస్తున్నది. ఇంక 74 నిమిషాలున్నవనగా రెండవ దశలో ఇంధనం కారుతున్నట్లు తెలిసింది. ప్రయోగం ఆపివేశారు. ఆ దశను మార్చి 2014 జనవరి 5న ప్రయోగింపగా, స్వదేశీ క్రయోజెనిక్ ఇంజను తొలిసారి జయప్రదమై జీశాట్-14 కక్ష్య చేరింది.

విమాన సంస్థలోని ఇంజను ఇంజనీరుకు ఇట్టి పరీక్ష నిత్యకృత్యం. ఆ రాకెట్టు ఇంజను ఒక్క ప్రయాణంతో ముగుస్తుంది. విమానపు ఇంజను వేల పర్యాయాలు లేచి దిగవలె. సన్నని గొట్టపు కెమెరాను లోనికి పంపి టర్బైను రెక్కలలో పగుళ్లను, కాలిన జాడలను ఆయన వెదకుతాడు. నూనెలో లోహపు రజను కనిపిస్తే కారణం తేలేదాక వదలడు. లైసెన్సు పొందిన ఇంజనీరు సంతకం లేనిదే మరమ్మతు చేసిన విమానం ప్రయాణికులతో బయలుదేరరాదు. వేళ మించినదని ఎందరు విసిగినా, సందేహం తీరనిదే ఆ కలం కదలరాదు.

చేసిన లెక్కను మరల సరిచూడుమని ఉపాధ్యాయుడు విద్యార్థిని కూర్చుండబెట్టిననాడే ఈ విద్యకు ఓనమాలు పడుతున్నవి.