పాత కారు హెడ్‌లైట్ల మార్పిడి: వైరింగ్ దోషాలను గుర్తించడం

ఓమ్ నియమాన్ని, శ్రేణి సంధానాన్ని ఇంతకుముందు భాగాలలో చదివారు. ఆ రెండూ ఒకేచోట పనిచేయడాన్ని గమనించడానికి పాత కారు హెడ్‌లైటు మంచి ఉదాహరణ.

ప్రొద్దుటూరు నుంచి ఒక పాత అంబాసిడర్ రాత్రివేళ చేవెళ్ల వైపు వెళుతోందనుకుందాం. మొయినాబాద్, చేవెళ్ల మధ్య బీజాపూర్ రోడ్డు మర్రిచెట్లకు పేరుపొందినది. ఆ చెట్ల నీడలో, వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ సమయానికి కనిపించాలంటే కారు లైట్లు బాగుండాలి. అందుకే కొందరు పాత 45/40 వాట్ల లైట్లు తీసివేసి, అదే 7 అంగుళాల గుండ్రటి చోట 60/55 వాట్ల హెచ్4 హాలోజన్ లైట్లు బిగిస్తారు. అయినా వెలుగు ఆశించినంత పెరగదు. బల్బు నకిలీదని దుకాణదారుతో తగువు పడేవారూ ఉన్నారు. నిజానికి దోషం ఎక్కువసార్లు తీగలోనే ఉంటుంది.

కారణం చూద్దాం. హైబీమ్‌లో రెండు బల్బులకు కలిపి 120 వాట్లు, అంటే 12 వోల్టుల వద్ద 10 ఆంపియర్లు. చాలా పాత కార్లలో ఈ కరెంటు మొత్తం బ్యాటరీ నుంచి డాష్‌బోర్డు స్విచ్‌కి, అక్కడి నుంచి డిప్పర్ స్విచ్‌కి, ఆ తరువాతే లైట్లకు చేరుతుంది. దారిలోని సన్నని తీగలు, అరిగిన స్విచ్ కాంటాక్టులు, తుప్పు పట్టిన కనెక్టర్లు కలిసి 0.1 ఓమ్ నిరోధం కలిగిస్తే చాలు, 1 వోల్టు అక్కడే పోతుంది. ఫిలమెంట్ బల్బులో వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు సుమారు 30 శాతం తగ్గుతుంది. పైగా ఆ నిరోధంలో 10 వాట్ల వేడి పుడుతుంది. అది ఒకే కాంటాక్టు వద్ద పుడితే స్విచ్ ప్లాస్టిక్ కరుగుతుంది. వెలుగు చాలలేదని 100/90 వాట్ల బల్బు పెడితే ఆ వేడి దాదాపు 28 వాట్లవుతుంది. వైరింగు కాలడానికి ఇది దగ్గరి దారి.

దోషాన్ని వెతకడానికి మల్టీమీటర్ చాలు. బల్బు ఊడదీసి కనెక్టరు వద్ద కొలిచే అలవాటు మాత్రం మానుకోవాలి. కరెంటు ప్రవహించనప్పుడు నిరోధం వద్ద వోల్టేజి తగ్గదు కనుక, తుప్పు పట్టిన తీగ కూడా పూర్తి వోల్టేజి చూపుతుంది. ఇంజను నడుస్తూ, లైట్లు వెలుగుతూ ఉండగా ఒక మొనను బ్యాటరీ పాజిటివ్‌కు, మరొకదానిని బల్బు కనెక్టరులో వెలుగుతున్న ఫిలమెంట్‌కు వచ్చే పిన్నుకు ఆనించాలి. మీటరు చూపేది ఆ దారిలో పోయిన వోల్టేజి. తరువాత బ్యాటరీ నెగెటివ్‌కు, బల్బు ఎర్త్ పిన్నుకు మధ్య ఇలాగే కొలవాలి. ఈ రెండవ కొలతను చాలామంది వదిలేస్తారు. పాత కార్లలో బాడీ ఎర్త్ స్క్రూ కింద పెయింటు, తుప్పు చేరడం మామూలే.

ఎర్త్ పూర్తిగా తెగితే లక్షణం వింతగా ఉంటుంది. ఎడమ లైటు ఎర్త్ తెగిందనుకుందాం. లోబీమ్ వేస్తే, కరెంటు ఎడమ లోబీమ్ ఫిలమెంట్ గుండా వెళ్లి, నేలకు దారిలేక అదే బల్బులోని హైబీమ్ ఫిలమెంట్‌లోకి మళ్లుతుంది. అక్కడి నుంచి హైబీమ్ తీగ ద్వారా కుడి లైటు హైబీమ్ ఫిలమెంట్‌కు చేరి ఎర్త్ అవుతుంది. మూడు ఫిలమెంట్లు శ్రేణిలో పడతాయి. ఎడమ లైటు మసకగా వెలుగుతుంది, డాష్‌బోర్డులో హైబీమ్ సూచిక కూడా మిణుకుతుంది. ఈ రెండూ కలిసి కనిపిస్తే ముందుగా ఎర్త్ చూడండి.

వోల్టేజి నష్టానికి సరైన మార్గం రిలే. బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా మందపాటి తీగను రిలే 30వ టెర్మినల్‌కు, 87 నుంచి లైట్లకు కలుపుతారు. పాత స్విచ్ తీగ 85, 86 టెర్మినల్‌ల మధ్య ఉన్న కాయిల్‌ను మాత్రమే నడుపుతుంది. లోబీమ్‌కు ఒకటి, హైబీమ్‌కు ఒకటి కావాలి. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి. కొన్ని జపాన్ నమూనా కార్లలో డిప్పర్ స్విచ్ పాజిటివ్ వైపు కాక ఎర్త్ వైపు ఉంటుంది. వాటికి ఈ పద్ధతి నేరుగా పనికిరాదు కనుక ముందే కొలిచి తెలుసుకోవాలి.

అభ్యాసం: ఇంజను నడుస్తూ లోబీమ్ వెలుగుతున్నప్పుడు బ్యాటరీ వద్ద 13.8 వోల్టులు, బల్బు పిన్నుల మధ్య 11.9 వోల్టులు ఉన్నాయి. పాజిటివ్ దారిలో పోయినది 0.4 వోల్టు. ఎర్త్ దారిలో పోయినది ఎంత? ముందుగా ఏ భాగాన్ని శుభ్రం చేస్తారు?