కాల్‌బ్యాకులయందు పిలుపు ఒడంబడిక

లత్తేరి తెలుగు కుటుంబముల పేర్లను అకారాది క్రమమున నమర్చవలెననుకొనుడు. సీ భాషలోని క్యూసార్ట్, రెండేసి పేర్లను పోల్చుటకై, తనకప్పగించిన ప్రమేయమును మరల మరల పిలుచును. అదియే కాల్‌బ్యాక్.

పోల్చవలసిన పేర్ల చిరునామాలు స్టాకు అను దొంతరపై నుంచబడును. పని ముగిసిన పిదప వానిని తొలగించువారెవరు? 32 బిట్ల విండోసులో సీడెక్ల్ పద్ధతియందు పిలిచినవారు, స్టడ్‌కాల్ పద్ధతియందు పిలువబడినవారు. క్యూసార్ట్ మొదటిదానిని నమ్మియుండగా ప్రమేయము రెండవ పద్ధతిదైనచో దొంతర రెండుమార్లు తగ్గును. ప్రోగ్రాము కూలవచ్చును, అదియు తప్పున్న చోట గాక వేరొకచోట!

కావున ఒడంబడిక ప్రమేయపు రకములోనే కనబడవలెను. రస్టు భాషలో ఎక్స్‌టర్న్ సీ ముద్ర గల ప్రమేయము, ముద్ర లేనిది వేర్వేరు రకములు. ఒకదానికి మారుగా రెండవదానినిచ్చినచో కంపైలరే నిరాకరించును. ప్రమేయము ఏ భాషా సంప్రదాయమునకు చెందినదో సీ ప్లస్‌ప్లస్ ప్రమాణము సైతము రకములో భాగముగనే యెంచినది. జీసీసీ, క్లాంగ్ మాత్రము దానిని పాటింపవు.