దంపతుల కౌన్సెలింగ్‌లో కుటుంబ చిత్రపటము

భార్యాభర్తలు కాపరి ఎదుట కూర్చున్నప్పుడు మొదటి అరగంట "తప్పెవరిది?" అన్న ప్రశ్న చుట్టూనే గడచిపోతుంది. దానిని ప్రక్కనపెట్టి, "ఇది మనమెక్కడ నేర్చుకొన్నాము?" అని వారే అడుగుకొనునట్లు చేసే సాధనము జీనోగ్రామ్, అనగా కుటుంబ చిత్రపటము. అమెరికా మానసిక వైద్యుడైన మర్రే బోవెన్ కుటుంబ వ్యవస్థా సిద్ధాంతము దీనికి ఆధారము. 1985లో మోనికా మెక్‌గోల్డ్రిక్, రాండీ గెర్సన్‌లు వెలువరించిన గ్రంథము దీని గుర్తులను వాడుకలోనికి తెచ్చినది.

పద్ధతి కష్టమైనది కాదు. పురుషునికి చతురస్రము, స్త్రీకి వృత్తము, మరణించినవారికి లోపల ఇంటూ గుర్తు. కలహమునకు రంపపుపళ్ళ గీత, దూరమునకు చుక్కల గీత, మితిమీరిన దగ్గరతనమునకు మూడు సమాంతర గీతలు. మూడు తరములు వేయాలి. మేనరికమునకు జంట గీత ఉన్నది. అత్తగారే మేనత్త అయినచోట రెండిళ్ళూ కలిసిపోతాయి గనుక కాగితము పెద్దదే తీసుకోవాలి!

విద్యార్థులు ముందుగా ఆదికాండముపై అభ్యాసము చేయవచ్చును. అబ్రాహాము శారాను సహోదరి అని చెప్పుకొన్నాడు (12, 20 అధ్యాయములు). ఇస్సాకు రిబ్కా విషయములో అదే చేశాడు (26:7). తల్లిదండ్రుల పక్షపాతము మధ్య పెరిగిన యాకోబు (25:28) యోసేపు విషయములో దానినే కొనసాగించాడు (37:3).

నా పొరపాటు ఒకటి చెప్పాలి. ఒకసారి భార్య చెప్పిన వివరాలతో భర్త ఇంటి పటము నేనే గీసి చూపించాను. "మా ఇంటి గుట్టు గీయడానికి మీరెవరండి?" అని అతడు లేచిపోయాడు. మూడు వారాలు ఆరాధనకు రాలేదు. తిరిగి వచ్చినప్పుడు క్షమాపణ అడిగి, పెన్సిలు అతని చేతికే ఇచ్చాను. తండ్రికీ బాబాయికీ మధ్య గీత వేయబోయి ఆగాడు. పొలము గట్టు తగాదా తరువాత ఆ అన్నదమ్ములు చనిపోయేవరకు మాట్లాడుకోలేదట. కోపము వస్తే రోజుల తరబడి నోరు విప్పకపోవడం తన స్వభావమనే అతడు అనుకొన్నాడు. అది ఇంటి అలవాటని అప్పుడే చూశాడు. భార్య ఏమీ అనలేదు. తన కాగితము మీద తనకూ తల్లికీ మధ్య మూడు గీతలు వేసింది. అంతకుముందు నాలుగు వారాలు నేను చెప్పిన మాటలకంటే ఆ గీతలే ఎక్కువ పని చేశాయి.

అయితే చేయిచేసుకొనే భర్త విషయములో దీనితో ప్రారంభించరాదు. తాతా కొట్టాడు, తండ్రీ కొట్టాడు అన్నది అతనికి సాకు అవుతుంది. ముందు ఆమె క్షేమము చూడాలి. 2005 గృహహింస చట్టము క్రింద రక్షణాధికారి సహాయము పొందవచ్చునని ఆమెకు ఒంటరిగా తెలియజేయాలి.

పని ముగిసిన తరువాత పటములు దంపతులకే ఇచ్చివేయాలి. సంఘపెద్దలు అడిగినా చూపరాదు, ప్రసంగములో ఉదాహరణగానూ వాడరాదు. ఇక్కడ నేను చెప్పిన దంపతుల వివరాలు కూడా మార్చి వ్రాసినవే.