నీలి చారలు లెక్కపెట్టారా?

పగడపు దిబ్బ పక్కన వందల చేపలు. అన్నీ పసుపు పచ్చనివే. ఒంటి మీద నీలి చారలు. ఈ ఫొటో చూపించి 'ఇదేం చేప?' అని ఇంటర్వ్యూలో అడిగితే మీరేం చెబుతారు? 'స్నాపర్' అంటే సగం జవాబే. ఏ స్నాపర్ అన్నదే అసలు ప్రశ్న.

జువాలజీ, ఫిషరీస్ విద్యార్థుల్లో చాలామందికి వర్గీకరణ అంటే బట్టీ పట్టే చాప్టర్. మా ఇంజినీరింగ్ వాళ్లమైతే దాని జోలికే పోం. రెండూ పొరపాట్లే. ఎందుకో ఈ ఒక్క చేపతో చూద్దాం.

ఎక్కడుంటుంది?

దీని పేరు బ్లూస్ట్రైప్ స్నాపర్. శాస్త్రీయ నామం లుట్జానస్ కాస్మిరా. ఎర్ర సముద్రం, తూర్పు ఆఫ్రికా తీరం నుంచి పసిఫిక్‌లోని మార్క్వెసాస్ దీవుల దాకా విస్తరించింది. మన దేశంలో లక్షద్వీప్, అండమాన్ దిబ్బల దగ్గర కనిపిస్తుంది. సాధారణంగా 25 సెంటీమీటర్లు, బాగా పెరిగితే 40 ఉంటుంది. పగలు పగడాలు, గుహలు, మునిగిన ఓడల చుట్టూ గుంపు కడుతుంది. రాత్రయితే గుంపు విడిపోయి రొయ్యలు, పీతలు, చిన్న చేపల వేటకు వెళ్తుంది. పిల్ల చేపలు దిబ్బల పక్కనుండే సముద్రపు గడ్డిలో పెరుగుతాయి.

1950ల చివర్లో ఈ చేపను మార్క్వెసాస్ నుంచి హవాయికి తెచ్చి వదిలారు. చేపల వేటకు కొత్త ఆదాయం వస్తుందన్నది ఆశ. మార్కెట్లో ధర పెద్దగా పలకలేదు కానీ, చేప మాత్రం ఆ దీవుల పొడవునా పాకిపోయింది. స్థానిక చేపలకు పోటీ అవుతోందని అక్కడి మత్స్యకారుల ఫిర్యాదు. ఇలాంటప్పుడు ఏది ఏ జాతో కచ్చితంగా చెప్పగల మనిషి కావాలి.

తేడా ఎలా పట్టాలి?

కుటుంబం లుట్జానిడే. ప్రజాతి లుట్జానస్. ఈ ఒక్క ప్రజాతిలోనే 70కి పైగా జాతులున్నాయి. వీటిలో మూడు దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ముందు చారలు లెక్కపెట్టండి. ఐదుంటే లుట్జానస్ క్విన్‌క్విలినియేటస్. నాలుగే ఉంటే వెన్ను మీది రెక్కలో గట్టి ముళ్లు చూడండి. 10 ఉంటే కాస్మిరా, 11 ఉంటే సాధారణంగా లుట్జానస్ బెంగాలెన్సిస్. పొట్ట కూడా సాయపడుతుంది. కాస్మిరా పొట్ట మీద సన్నటి బూడిద రంగు గీతలుంటాయి, బెంగాలెన్సిస్ పొట్ట తెల్లగా ఉంటుంది.

పోటీ పరీక్షలు రాసేవాళ్లకు ఒక మాట. పాత పుస్తకాల్లో స్నాపర్ల క్రమం పెర్సిఫార్మిస్ అని ఉంటుంది. డీఎన్‌ఏ ఆధారాలతో వచ్చిన కొత్త వర్గీకరణల్లో ఇది మారింది. మీ సిలబస్ ఏది పాటిస్తోందో చూసుకోండి.

కోడింగ్‌కు దీనికి ఏంటి సంబంధం?

చేపల ఫొటోలు గుర్తించే ప్రోగ్రామ్ ఒకటి సరదాగా రాశాను. కాస్మిరా ఫోల్డర్ నిండా ఫొటోలు వేసి శిక్షణ ఇచ్చాను. కచ్చితత్వం బాగా వచ్చిందని మురిసిపోయా. జువాలజీలో పీజీ చేసిన స్నేహితురాలికి చూపిస్తే ఒకటే మాట అంది: "చారలు లెక్కపెట్టావా?" లెక్కపెట్టలేదు. ఆ ఫోల్డర్‌లో ఐదు చారల చేపలూ ఉన్నాయి. ప్రోగ్రామ్ శ్రద్ధగానే నేర్చుకుంది, నా తప్పుని!

మీకు జీవశాస్త్రం వస్తే, 'మాకు స్కోప్ లేదు' అనుకోకండి. సరైన లేబుల్ పెట్టగలిగేది మీరే. కొంచెం పైథాన్ నేర్చుకోండి. మీరు ఇంజినీర్లయితే, సబ్జెక్టు తెలిసిన మనిషిని మొదటి రోజే పక్కన కూర్చోబెట్టుకోండి.

ఈ పని జరిగే సంస్థలు మనకు దగ్గర్లోనే ఉన్నాయి. విశాఖపట్నంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం, ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయం ఉన్నాయి. కాకినాడలో కేంద్ర మత్స్య విద్యా సంస్థకు కేంద్రం ఉంది. ప్రాజెక్టు పోస్టుల కోసం వాటి వెబ్‌సైట్లు అప్పుడప్పుడు చూస్తూ ఉండండి.

అంతకంటే ముందు చేయగలిగింది ఒకటుంది. ఆదివారం చేపల మార్కెట్‌కు వెళ్లి ఏదో ఒక చేప కొనండి. వండేలోపు వెన్ను రెక్క విప్పి ముళ్లు లెక్కపెట్టండి, ఫొటో తీయండి, నోట్స్‌లో రాయండి. అమ్మేవాళ్లు దాన్ని ఏమంటారో అడిగి ఆ పేరూ రాసుకోండి. 'కాస్మిరా' కూడా అలా ఎర్ర సముద్ర తీరంలో అరబ్బులు పిలిచే పేరు నుంచి వచ్చిందే. అక్కడ తిరిగి చేపల వివరాలు రాసుకున్న ఫోర్స్‌కాల్ 1763లో యెమెన్‌లో చనిపోయాడు. ఆయన నోట్సే 1775లో పుస్తకమై ఈ చేపకు శాస్త్రీయ నామం ఇచ్చింది. మీ నోట్స్ కూడా జాగ్రత్తగా రాయండి.