అత్తయ్యగారి ఫ్యానుకి బంగారు రంగు

మా అత్తయ్యగారు రాజమండ్రి ఇల్లు అమ్మేసి మస్కట్‌లో మా దగ్గరికి వచ్చేటప్పుడు, బట్టలు కాక వెంట తెచ్చుకున్న వస్తువు ఒక్కటే. మామయ్యగారు పెళ్లయిన కొత్తలో కొన్న టేబుల్ ఫ్యాను. "ఇక్కడ గదికో ఏసీ ఉంది కదత్తయ్యా, ఇదెందుకు?" అంటే నవ్వి ఊరుకున్నారు. బయల్దేరే ముందు మావారు దాన్ని అక్కడే ఒక షాపులో ఇచ్చి "కొత్తదానిలా" చేయించారు. ఇక్కడికొచ్చాక దుప్పటి విప్పి చూస్తే ఒళ్లంతా బంగారు రంగు స్ప్రే! జాలీ మీద ఉండాల్సిన బిళ్ల లేదు. వెనక పేరు రేకు లేదు. అత్తయ్యగారు కాసేపు చూసి, "ఇది మన ఫ్యాను కాదేమోనమ్మా" అన్నారు.

ఆ ఒక్క మాటతో మొదలైంది నా ఫ్యాన్ల చదువు. మీ ఇంటి అటక మీదో, ఊళ్లో తాళం వేసిన గదిలోనో ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని పాత ఇనుముకి ఇచ్చేముందు, లేదా "బాగు చేయించే" ముందు, ఈ నాలుగు మాటలు చదవండి.

ముందు ప్లగ్గులో పెట్టకండి

పాత ఫ్యాను చేతికి రాగానే తిరుగుతుందో లేదో చూడాలనిపిస్తుంది. నేనూ అదే చేయబోయాను. తీగ చేత్తో వంచగానే పైన రబ్బరు బిస్కెట్ ముక్కలా పొడిపొడిగా రాలింది, లోపలి రాగి కనిపించింది. పాత తీగల మీద నూలు అల్లిక, లోపల రబ్బరు ఉండేవి. ఏళ్లు గడిస్తే ఆ రబ్బరు ఎండిపోతుంది. పైగా చాలా పాత ఫ్యాన్లకి రెండు తీగలే, ఎర్త్ ఉండదు. శరీరమంతా పోత ఇనుమే కాబట్టి లోపల తీగ ఎక్కడ తగిలినా ముట్టుకున్నవాళ్లకి షాకే.

తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత ముందు తీగ మొత్తం మార్పించి, మూడో తీగతో ఎర్త్ ఇప్పించండి. ఒమన్‌లో 240 వోల్టులు, 50 హెర్ట్జ్ కాబట్టి మన ఇండియా ఫ్యాను ఇక్కడ హాయిగా తిరుగుతుంది. ఇక్కడి మూడు చదును పిన్నుల ప్లగ్గులో ఫ్యూజు ఉంటుంది. ఫ్యానుకి 3 ఆంపియర్లది చాలు, 13 ఆంపియర్లది పెట్టొద్దు. మొదటిసారి నేరుగా కరెంటు ఇవ్వకుండా, పాత రకం 100 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి చూస్తారు. బల్బు పూర్తి వెలుగుతో మండిందంటే లోపల షార్ట్ ఉన్నట్టే.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఇంకో చిక్కుంది. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని పెంచుతుంది కానీ హెర్ట్జ్‌ని మార్చదు. సౌదీలో వోల్టేజి సరిపోయినా అక్కడా 60 హెర్ట్జే. ఫ్యాను తిరిగినా వేగం మారుతుంది, కొన్నిసార్లు వేడెక్కుతుంది. అలాంటిచోట గంటల తరబడి వదిలేయకండి.

వయసు చెప్పే గుర్తులు

పేరు రేకు ఉంటే సగం పని అయినట్టే. అందులో చూడాల్సినవి ఇవి.

ఊరి పేరు: కలకత్తా అధికారికంగా కోల్‌కతా అయింది 2001లో. బొంబాయి 1995లో ముంబై అయింది, మద్రాసు 1996లో చెన్నై అయింది. రేకు మీద పాత పేరుంటే సాధారణంగా ఫ్యాను అంతకు ముందుది.

ఐఎస్ఐ గుర్తు: ఈ ముద్ర 1950ల నడిమి నుంచి వచ్చింది. దాంతోపాటు ఐఎస్ 555 అని ఉంటే టేబుల్ ఫ్యాన్ల ప్రమాణం, ఐఎస్ 374 అయితే సీలింగ్ ఫ్యాన్లది.

కొలతలు: రెక్కల కొలత అంగుళాల్లోనే ఉంటే పాతకాలపుదని అనుమానించవచ్చు. మన దేశం 1950ల చివర, 60ల మొదట్లో మెట్రిక్ కొలతలకి మారింది. అలాగే "హెర్ట్జ్" బదులు "సైకిల్స్" అని ఉన్నా పాతదే. హెర్ట్జ్ అన్న పేరుని అంతర్జాతీయంగా ఒప్పుకున్నది 1960లో.

ఏసీయా, డీసీయా: కలకత్తాలో కరెంటు 1899లోనే వచ్చింది, మొదట డీసీ. ఆ కాలపు ఫ్యాన్లలో కార్బన్ బ్రష్‌లుంటాయి. రేకు మీద డీసీ అని మాత్రమే ఉంటే దాన్ని ఇప్పటి ప్లగ్గులో పెట్టకండి.

కంపెనీ: జీఈసీ, జీఈ ఒకటే అనుకుంటారు. మొదటిది ఇంగ్లండుది, రెండోది అమెరికాది. క్రాంప్టన్ పార్కిన్సన్ అని ఉంటే క్రాంప్టన్ గ్రీవ్స్ కంటే పాతది. ఉషా ఫ్యాను, ఉషా కుట్టుమిషను ఒకే గూటివి.

రేకు పోతే? ఒళ్లే చెబుతుంది. ఇత్తడి రెక్కలు ముందు, అల్యూమినియం తర్వాత, ప్లాస్టిక్ ఆ తర్వాత. జాలీ తీగల మధ్య చెయ్యి దూరేంత ఖాళీ ఉంటే చాలా పాతది. పీఠం పోత ఇనుముదా, రేకుదా చూడండి. పీఠం అడుగున, మోటారు మూత లోపల పోతలోనే అక్షరాలో అంకెలో ఉంటాయి. అక్కడికి స్ప్రే చేరదు.

ఒమన్‌లో దొరికేవి

ఇక్కడ కరెంటు ఊరూరా చేరింది 1970లో సుల్తాన్ ఖాబూస్ పాలన మొదలయ్యాకే. అంతకు ముందు మస్కట్, మత్రా చుట్టుపక్కల కొంతవరకే. ఎండాకాలం డాబాల మీద పడుకునేవారు. అందుకని ఇక్కడి ఇళ్లలో బయటపడే పాత ఫ్యాను 70ల తర్వాతదే కావడానికి అవకాశం ఎక్కువ. జపాన్ నేషనల్, కేడీకే కనిపిస్తాయి, మన దేశానివీ పాకిస్తాన్‌వీ కనిపిస్తాయి. ఆశ్చర్యమేం లేదు. ఈ దేశంలో 1970 దాకా చెల్లింది మన రిజర్వు బ్యాంకు ముద్రించిన గల్ఫ్ రూపాయే, వర్తకం చాలావరకు మన రేవులతోనే. జపాన్ ఫ్యాను మీద 100 వోల్టులని ఉంటే మాత్రం అది వాళ్ల ఇంట్లో వాడుకోవడానికి చేసింది. ఇక్కడ పెడితే కాలిపోతుంది.

చింతపండు ఎక్కడ, ఎక్కడ వద్దు

ఇత్తడి రెక్కల చిలుము వదలడానికి మనకి తెలిసిన చింతపండు, ఉప్పే చాలు. రెక్కలు విప్పి రుద్ది, కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. విప్పేటప్పుడు వంచకండి, ఒక్క రెక్క వంగినా ఫ్యాను వణుకుతుంది. పేరు రేకుకి మాత్రం చింతపండు వద్దు, అక్షరాల్లోని నల్లరంగు పోతుంది. సబ్బునీళ్లలో ముంచి పిండిన మెత్తని గుడ్డ చాలు.

నూనె అంటే మనవాళ్లు కొబ్బరినూనె పోసేస్తారు. అది జిగురైపోతుంది, చలికి గడ్డ కడుతుంది. కుట్టుమిషను నూనెలాంటి పల్చటిది, ముందూ వెనకా ఉన్న నూనె రంధ్రాల్లో రెండు మూడు చుక్కలు చాలు. ఫ్యాను మెడ తిప్పకపోతే చాలాసార్లు తప్పు మోటారుది కాదు. వెనక గేరు పెట్టెలో గ్రీజు లక్కలా గట్టిపడి ఉంటుంది, అది తీసి కొత్తది పెట్టాలి. గుర్రుమని మూలుగుతూ తిరగకపోతే నూనె ఎండడమో, కెపాసిటర్ పోవడమో. వైండింగ్ కాలిందని తొందరపడి తీర్మానించకండి.

రంగు విషయంలో జాగ్రత్త. పాత రంగుల్లో సీసం ఉండేది. మన దేశంలో ఇళ్లకి వాడే రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకి పరిమితం చేసిన నిబంధన 2017లోనే అమల్లోకి వచ్చింది. ఉప్పుకాగితంతో పొడిగా గీకితే ఆ దుమ్ము పిల్లలకీ గర్భిణులకీ హాని. గీకక తప్పకపోతే తడిపి, మాస్కు వేసుకుని, పిల్లల్ని దూరంగా పంపి చేయండి. అసలు రంగు అక్కడక్కడా పోయినా ఉండనివ్వడమే మంచిది. కొత్త రంగు ఎప్పుడైనా వేయించుకోవచ్చు, పాతది పోతే మళ్లీ రాదు.

మా ఫ్యాను సంగతి

పీఠం అడుగున దూది మీద కొంచెం థిన్నర్ వేసి చూశాను. బంగారు రంగు లేచింది, కింద కాల్చి గట్టిపరిచిన పాత రంగు నిలిచింది. లేత ఆకుపచ్చ. రోజుకి అరచేతి మేర, బాల్కనీలో, చేతులకి తొడుగులు వేసుకుని, మూడు వారాలు పట్టింది. మోటారు మూత లోపల "కలకత్తా" అన్న పోత అక్షరాలు దొరికాయి. కంపెనీ పేరు ఇప్పటికీ తేలలేదు.

పీఠం అంచున రంగు లేచిన చోట ఒక చిన్న నొక్కు బయటపడింది. అత్తయ్యగారు దాన్ని వేలితో తడిమి, "మీ ఆయన నాలుగేళ్లప్పుడు అరుగు మీంచి పడేశాడు. మీ మామయ్య కొట్టబోతే నేనే అడ్డమొచ్చాను" అన్నారు.

ఇప్పుడది ఆవిడ గదిలో, పిల్లల చెయ్యి అందని ఎత్తులో ఉంటుంది. ఏసీ ఆపేసి, మధ్యాహ్నం నిద్రకి దాన్నే వేసుకుంటారు. "ఈ చప్పుడు లేకపోతే నిద్ర పట్టదే" అంటారు. పేరు రేకు పోయిన బాధ మావారికి ఇంకా ఉంది. ఈ సెలవులకి ఊరెళ్లినప్పుడు మీరు మాత్రం ముందు ఆ రేకుని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. ఆ తర్వాతే షాపుకి ఇవ్వండి.